పదిమంది మాట ఎప్పుడు పాడి అవుతుంది?

ఈ నెల పాఠకుల పేజీకి వచ్చిన ఉత్తరాల్లో సరిహద్దు జిల్లాల నుంచి వచ్చినవే ఎక్కువ. ఒడిశాలోని రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల నుంచి నాలుగు, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా నుంచి ఒకటి తీసుకున్నాం. విషయాలు వేరైనా అన్నింటిలోనూ ఉన్న సందేహం ఒకటే. ఎక్కువ మంది ఒక మాట మీద ఉన్నప్పుడు దాన్ని కాదనే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిది? ప్రభుత్వం ఒక మాట అన్నప్పుడు దాన్ని కాదనే హక్కు జనానికి ఎంతవరకు ఉంది? పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కాబట్టి ప్రాంతం మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది నాగావళి ఒడ్డున ఉన్న ఊరు. మా తాతలు పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఊరి వెనక డొంగరు (కొండ) వాలులో, అటవీ శాఖ లెక్కలో ఉన్న రెండెకరాల్లో, ఎనిమిది కుటుంబాలు చాలా ఏళ్లుగా చోళ్లు, కందులు వేసుకుంటున్నాయి. అక్కడ కల్యాణ మండపం కట్టుకోవాలని పల్లిసభలో, అంటే మా ఊరి గ్రామసభలో, తీర్మానం చేశాం. 140 మంది వస్తే 120 మందికి పైగా చేతులెత్తారు. అయినా ఆ తీర్మానం చెల్లదని తహసీల్దారు తిప్పి పంపాడు. నియమగిరిలో పల్లిసభ మాటకు సుప్రీంకోర్టే విలువ ఇచ్చింది. మా పల్లిసభ మాటకు ఒక అధికారి అడ్డుపడటం ఏమి ప్రజాస్వామ్యం?
— ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: మీరు నియమగిరి పేరెత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. ఆ తీర్పును మీలాగే చాలామంది సగమే విన్నారు. మీ జిల్లాకూ కలహండి జిల్లాకూ నడుమ ఉన్న ఆ కొండల మీద బాక్సైట్ తవ్వాలన్న ప్రతిపాదన కోర్టుకు వెళ్లినప్పుడు, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో పల్లెలో ఎక్కువ మంది ఏది కోరితే అది చేయాలని ఎక్కడా లేదు. నేల కింది ఖనిజం మీద ప్రభుత్వానికి ఉన్న హక్కునూ కోర్టు కాదనలేదు. ఈ తవ్వకం వల్ల డోంగ్రియా కోందు గిరిజనుల, అక్కడి ఇతర అటవీ వాసుల మతపరమైన, సాంస్కృతికమైన హక్కులకు, తమ కొండ దేవుడు నియమరాజును కొలుచుకొనే హక్కుతో సహా, భంగం కలుగుతుందా లేదా అన్నది 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెలుగులో గ్రామసభలే పరిశీలించి మూడు నెలల్లో తేల్చాలని మాత్రమే అంది. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో అయిదు, మొత్తం 12 పల్లెల్లో జిల్లా న్యాయమూర్తి హోదా గల అధికారుల సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. సభలు మళ్లీ పెట్టించాలని రాష్ట్ర గనుల సంస్థ వేసిన పిటిషన్‌ను 2016 మే నెలలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

ఇప్పుడు తలలు లెక్కపెట్టి చూడండి. కోట్లమంది ఓటర్లు ఎన్నుకున్న రాష్ట్ర ప్రభుత్వం తవ్వకం కావాలంది. పన్నెండు చిన్న పల్లెలు, వాటిలో కొన్నింటిలో ఓటర్లు కొన్ని పదుల మందే, వద్దన్నాయి. చెల్లింది ఆ పల్లెల మాట. అంటే నియమగిరిలో నిలిచింది ఎక్కువ మంది మాట కాదు, ఎవరి దేవుడు, ఎవరి బతుకు ఆ కొండ మీద ఉన్నాయో వాళ్ల మాట. మీరు ఆ తీర్పును మీ పక్షాన సాక్ష్యంగా తెచ్చారు గానీ, నాకు అది మీ డొంగరు మీది ఎనిమిది కుటుంబాల పక్షాన సాక్ష్యం చెబుతున్నట్టుగా కనిపిస్తోంది.

మీ ఉత్తరంలో రెండు విషయాలు లేవు. ఆ ఎనిమిది కుటుంబాల వారు ఎవరో మీరు రాయలేదు. చోళ్లు, కందులు, డొంగరు వాలు అంటున్నారు కాబట్టి కోందులో, సవరలో అయి ఉంటారని ఊహిస్తున్నాను. ఆ రోజు సభకు వాళ్లు వచ్చారా, వస్తే ఏమన్నారు అన్నదీ రాయలేదు. నేను చూసిన పల్లిసభల్లో ముందుగా హాజరు పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు తీసుకొని, తీర్మానం పాఠాన్ని ఆ తరువాత తీరుబడిగా రాసుకున్నవి ఉన్నాయి. అరుగు మీద పెద్దలు కూర్చొని ఉండగా, వెనక వరుసలో నిలబడ్డవారు చెయ్యి ఎత్తకుండా ఉండటం ఎంత కష్టమో ఊళ్లో పుట్టిపెరిగిన మీకు నేను చెప్పనక్కరలేదు. 120 చేతులు లేచాయన్న మాటను నేను శంకించడం లేదు. చేతులెత్తే సభలో ఎవరి చెయ్యిని ఎవరు చూస్తున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుందని మాత్రమే అంటున్నాను.

చట్టం విషయానికి వస్తే, అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్ 5వ ఉపవిభాగం ప్రకారం, అటవీ భూమిని సాగు చేసుకుంటున్న అర్హులైన అటవీ వాసులను, వారి హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదిలించరాదు. షెడ్యూల్డ్ తెగల వారైతే 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి వారి అనుభవంలో ఉండాలి. ఇతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ఆ అడవి మీద ఆధారపడి బతుకుతున్నట్టు చూపాలి. దరఖాస్తు మొదట విని తీర్మానం చేసేది గ్రామసభే, ఒడిశాలో అయితే పల్లిసభే. అక్కడి నుంచి అది సబ్‌డివిజన్ కమిటీకీ, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకీ వెళ్తుంది. సభ నిర్ణయం నచ్చనివారు 60 రోజుల్లోగా పై కమిటీకి చెప్పుకోవచ్చు. ఈ చట్టం కింద జరిగే సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలనీ, వచ్చినవారిలో కనీసం మూడోవంతు స్త్రీలు ఉండాలనీ 2012లో సవరించిన నియమాలు చెబుతున్నాయి. అందువల్ల మీ పల్లిసభకు అధికారం లేదని ఎవరూ అనలేరు. ఆ అధికారం హక్కును పరిశీలించి గుర్తించడానికి ఇచ్చినది, చేతులెత్తి దాన్ని ఊడబెరకడానికి కాదు. ఆ తేడాను తహసీల్దారు మీకు ఓపికగా విడమరచి చెప్పి ఉండవలసింది. కాగితం తిప్పి పంపడంతో తన పని అయిపోయిందని అనుకోవడం మన కార్యాలయాల పాత జబ్బు.

అలాగని అధికారి మాటే ఎప్పుడూ న్యాయమని నేను అనడం లేదు. మీ జిల్లాలోనే కాశీపూర్ ప్రాంతంలో బాక్సైట్, అల్యూమినా పనులను ఊళ్లు వ్యతిరేకించిన రోజుల్లో, 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు గిరిజనులు చనిపోయారు. అప్పటికి షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం వచ్చి నాలుగేళ్లయింది. భూసేకరణకు ముందు గ్రామసభతో గానీ తగిన స్థాయి పంచాయతీతో గానీ సంప్రదించాలని 1996 నాటి ఆ చట్టం అంటుంది. 'సంప్రదించాలి' అన్న మాటకు 'ఒప్పుకోవాలి' అన్న అర్థం లేదని ఆ కాలపు అధికారులు చాలా సులువుగా నేర్చుకున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలన్న మాట 2013 నాటి భూసేకరణ చట్టం 41వ సెక్షన్‌తోనే చట్టంలోకి వచ్చింది. రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతమే కాబట్టి, రేపు ఏ రోడ్డుకో ఫ్యాక్టరీకో మీ పొలమే అడిగినప్పుడు మీకు అండగా నిలిచేది ఈ సెక్షనే. పల్లిసభను ఇప్పుడు ఎలా వాడుకుంటారన్నది ఆ రోజున మీకు గుర్తుకు వస్తుంది.

మండపం సంగతి మిగిలింది. అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్ 2వ ఉపవిభాగం కింద బడి, అంగన్‌వాడీ, చెరువు, రోడ్డు, సామాజిక భవనం వంటి, ప్రభుత్వం నిర్వహించే సౌకర్యాలకు ఒక్కో చోట హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసుతో కేటాయించవచ్చు. కొట్టవలసిన చెట్లు హెక్టారుకు 75 మించకూడదు. అద్దెలకిచ్చే కల్యాణ మండపం అని అడిగితే కుదరకపోవచ్చు గానీ, ఊరందరికీ పనికివచ్చే సామాజిక భవనం అంటే దారి ఉంది. ఎవరూ సాగు చేయని చోటు ఒకటి చూసుకొని, ఆ ఎనిమిది కుటుంబాల వారినీ పిలిచి కూర్చోబెట్టుకొని, కొత్త తీర్మానం రాయండి.

ప్రశ్న: మా నాన్నగారు బొగ్గు గనుల్లో పనికి కరీంనగర్ జిల్లా నుంచి బల్లార్పూర్ వచ్చారు. మా వార్డులో సారా దుకాణం మూయించాలని ఆడవాళ్లమంతా కలిసి దరఖాస్తు పెట్టాం. ఓటింగ్ పెట్టారు. ఓటు వేసిన వాళ్లలో పదింట తొమ్మిది మంది 'ఆడ్వీ బాట్లీ'కే వేశారు. అయినా దుకాణం మూయలేదు. ఇంతకంటే మెజారిటీ ఇంకేం కావాలండీ?
— ఒక పాఠకురాలు, చంద్రపూర్ జిల్లా

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనదే. ఇటువైపు పాఠకులకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. మహారాష్ట్రలో ఒక ఊరిలోనో వార్డులోనో మద్యం దుకాణం ఉండాలా వద్దా అన్నది అక్కడి స్త్రీలు రహస్య ఓటుతో తేల్చుకొనే ఏర్పాటు ఉంది. ఓటు కాగితం మీద రెండు సీసా బొమ్మలు ఉంటాయి. నిలబడ్డ సీసాకు వేస్తే దుకాణం ఉండాలని, పడుకొన్న సీసాకు వేస్తే పోవాలని. వీటినే అక్కడ 'ఉభీ బాట్లీ', 'ఆడ్వీ బాట్లీ' అంటారు. చదువురాని స్త్రీకి కూడా ఒక్క చూపులో అర్థమయ్యే ఇంత చక్కని ఓటు కాగితాన్ని నేను మరెక్కడా చూడలేదు.

మెలిక అంతా లెక్కలో ఉంది. పడుకొన్న సీసాకు పడిన ఓట్లు, ఓటు వేయడానికి వచ్చిన స్త్రీలలో సగం దాటితే చాలదు. ఆ వార్డు జాబితాలో ఉన్న మొత్తం స్త్రీ ఓటర్లలో సగం దాటాలి. వెయ్యిమంది జాబితాలో ఉండి 500 మంది వచ్చారనుకుందాం. వారిలో 450 మంది వద్దన్నా దుకాణం నిలుస్తుంది. కూలికి పోయినామె, పుట్టింటికి వెళ్లినామె, జాబితాలో పేరు తీసేయని చనిపోయినామె, వీళ్లందరి ఓటూ దుకాణదారు ఖాతాలో పడినట్టే. ఓటింగ్ పనిరోజున పెట్టారా, సెలవు రోజున పెట్టారా అన్న చిన్న సంగతి కూడా అందుకే ఫలితాన్ని తారుమారు చేయగలదు.

ఇదే కొలతను మన ప్రజాప్రతినిధులకు పెడితే ఏమవుతుందో చూడండి. నియోజకవర్గంలోని మొత్తం ఓటర్లలో సగం మంది ఓటు వేస్తేనే గెలిచినట్టు అన్న నియమం ఉంటే చట్టసభల్లో చాలా కుర్చీలు ఖాళీగా ఉండేవి. స్వతంత్ర భారతంలో ఇంతవరకు ఏ ఒక్క పార్టీకీ లోక్‌సభ ఎన్నికల్లో పోలైన ఓట్లలో సగం రాలేదు. 1984లో 400కు పైగా స్థానాలు గెలిచిన కాంగ్రెస్‌కు కూడా రాలేదు. రాజ్యమేలడానికి పోటీదారులకంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలునట, వీధి చివరి సారా దుకాణాన్ని మూయడానికి మాత్రం జాబితాలో సగం దాటాలట! ఉన్న వ్యాపారాన్ని, లైసెన్సు తీసుకొన్న మనిషి జీవనాన్ని తీసివేసేటప్పుడు కొలత కాస్త గట్టిగా ఉండాలన్న వాదనను నేను తోసిపుచ్చను. కొత్త దుకాణం పెట్టేటప్పుడు కూడా అంతే గట్టి కొలత ఉండి ఉంటే, ఆ వాదన మరింత నిజాయితీగా వినిపించేది.

మీ ప్రాంతానిది మరో విచిత్రం. పక్క జిల్లా గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. మీ చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. రెండు నిర్ణయాలూ ప్రభుత్వానివే. జిల్లా అంతా నిషేధం పెట్టడానికీ, ఎత్తడానికీ మంత్రివర్గం నిర్ణయం చాలింది, ఏ సీసా బొమ్మా అవసరం కాలేదు. మళ్లీ ఓటింగ్‌కు అవకాశం వచ్చేలోగా ముందుగా ఓటర్ల జాబితా చేతికి తీసుకోండి. చనిపోయినవారి పేర్లు, పెళ్లయి వెళ్లిపోయినవారి పేర్లు తీయించండి. మీ లెక్క అక్కడే సగం తేలికపడుతుంది.

ప్రశ్న: మా పేటలో, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో అందరం తెలుగువాళ్లమే. పిల్లల బడిలో తెలుగు సెక్షన్ ఎత్తేస్తామంటున్నారు. రాష్ట్రంలో ఎక్కువ మంది భాష ఒడియా కాబట్టి మేము నోరు మూసుకోవాలా? అసలు 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు మా పెద్దలను ఎవరైనా అడిగారా?
— ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. అడగలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని చీల్చి, పట్నంతో సహా ఒక భాగాన్ని ఒరిస్సాలో చేర్చి, మిగిలిన దాన్ని మద్రాసు రాష్ట్రంలో ఉంచారు. కమిటీలు కూర్చున్నాయి, లండన్‌లో చర్చలు జరిగాయి, ఒరిస్సా పక్షాన వాదించిన మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ మరుసటి ఏడాది ఆ రాష్ట్రానికి తొలి ప్రధానమంత్రి (రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో అలా అనేవారు) అయ్యారు. ఊరి జనం ఓటు మాత్రం ఎవరూ తీసుకోలేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు దానికి నిరసనగా, ఎన్నో ఏళ్లు కాపురమున్న పర్లాకిమిడిని విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

మొదటి ప్రశ్నకు జవాబు మీకు సంతోషం కలిగించేదే. ఒక ఊరిలో ఎక్కువమంది అయినవారు రాష్ట్రంలో తక్కువమంది కావచ్చు. అప్పుడు వారిని ఏ లెక్కన చూడాలన్నది చాలాకాలం తేలలేదు. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, అల్పసంఖ్యాకులు ఎవరన్నది రాష్ట్రం మొత్తాన్ని ఒక కొలతగా తీసుకొని నిర్ణయించాలని తేల్చింది. అందువల్ల మీ పేటలో మీరెంతమంది ఉన్నా, ఒడిశాలో మీరు భాషాపరమైన అల్పసంఖ్యాకులే. రాజ్యాంగం 30వ అధికరణం ప్రకారం సొంతంగా విద్యాసంస్థలు పెట్టుకొనే హక్కు మీకు ఉంది. ప్రాథమిక స్థాయిలో పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 350ఏ అధికరణం అంటుంది. ఈ అధికరణాన్ని 1956లో, రాష్ట్రాలను భాషల వారీగా చీల్చినప్పుడే చేర్చారు. గీత ఎక్కడ గీసినా దానికి అటు కొందరు, ఇటు కొందరు మిగిలిపోతారని ఆ పని చేసినవారికి తెలుసు.

ఎంతమంది పిల్లలుంటే ఈ సౌకర్యం కల్పించాలన్న దానికి కూడా ఒక పాత లెక్క ఉంది. బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ భాష వారుంటే ఉపాధ్యాయుడిని ఇవ్వాలని 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకొంది. చూశారా, ఇక్కడ సగం కన్నా ఎక్కువ అన్న మాటే లేదు. హక్కు లెక్క మొదలయ్యేది పది దగ్గర. కాబట్టి రాష్ట్రంలో మనమెంతమందిమన్న వాదన వదిలిపెట్టి, ఆ పదిమంది తల్లిదండ్రుల సంతకాలతో దరఖాస్తు ఇవ్వండి. ఒక ప్రతిని భాషాపరమైన అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు కూడా పంపండి. 350బి అధికరణం కింద ఉన్న ఆ అధికారి నివేదిక రాష్ట్రపతికి, అక్కడి నుంచి పార్లమెంటుకు వెళ్తుంది. ఆయన ఆజ్ఞాపించలేరు, అడగగలరు. చాలా కార్యాలయాల్లో పైనుంచి ఒకరు అడగటం కూడా పనికి వస్తుంది.

గిడుగువారి పేరు వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలే ఎక్కువ. వారి పిల్లలకు చదువు తెలుగులో చెప్పాలా, ఒడియాలో చెప్పాలా అని పట్నంలోని రెండు పక్షాలూ వాదించుకొంటున్న కాలంలో, వాళ్లకు వాళ్ల భాషలోనే చెప్పాలన్నది ఆయన పట్టుదల. సవర నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, బడులు నడిపించారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం నేటికీ పండితులకు ఆధారమే. మీ పేట పిల్లల కోసం మీరు అడుగుతున్న న్యాయాన్ని మీ కొండల పిల్లల కోసం కూడా అడిగితే మీ దరఖాస్తుకు బలం పెరుగుతుందనే అనుకుంటున్నాను.

ప్రశ్న: అసెంబ్లీలో మెజారిటీ ఉన్న ప్రభుత్వం ఏ చట్టమైనా చేయవచ్చా? జనమే ఎన్నుకున్నారు కాబట్టి అడ్డు చెప్పేదెవరు?
— ఒక కళాశాల విద్యార్థిని, బ్రహ్మపుర, గంజాం జిల్లా

జవాబు: ముందు 'జనం ఎన్నుకున్నారు' అన్న మాటను పరీక్షిద్దాం. 2024లో మీ రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల్లో 147 స్థానాలకు గాను భారతీయ జనతా పార్టీకి 78, బిజూ జనతాదళ్‌కు 51 వచ్చాయి. రెండింటికీ ఓట్లు సుమారు 40 శాతం చొప్పున పడ్డాయి. ఓడిన పార్టీకే కాస్త ఎక్కువ. దీనిలో అక్రమమేమీ లేదు, మన ఎన్నికల పద్ధతే అంత. అధికారం న్యాయంగానే వచ్చింది. అయితే స్థానాల మెజారిటీని జనమంతా ఇచ్చిన వరంగా చెప్పుకొనే హక్కు ఈ పద్ధతిలో గెలిచిన ఏ పార్టీకీ ఉండదు.

ఇక అడ్డు చెప్పేదెవరు? రాజ్యాంగం. పార్లమెంటులో మూడింట రెండు వంతుల బలంతో రాజ్యాంగాన్నే సవరించవచ్చు గానీ, దాని మౌలిక స్వరూపాన్ని మార్చరాదని 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెజారిటీకి హద్దు గీసిన ఆ తీర్పు 13 మందిలో ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరొకవైపు నిలిచి, ఒక్క న్యాయమూర్తి తేడాతో వెలువడటం చరిత్రలోని చిలిపితనం. ఆ కేసు వేసిన స్వామీజీ మఠం కాసరగోడు దగ్గర ఎడనీరులో ఉంది. కన్నడం మాట్లాడేవారు 1956లో కేరళలో మిగిలిపోయిన ప్రాంతమది. మన పర్లాకిమిడికి దూరపు బంధువు అనుకోవచ్చు.

మీకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా ఒడిశాలో 1956 నుంచి ఒక రెగ్యులేషన్ ఉంది. 2023 నవంబరులో, అనుమతితో అమ్ముకొనే వీలు కల్పిస్తూ అప్పటి మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకొంది. అసెంబ్లీలో ఆ ప్రభుత్వానికి తిరుగులేని బలం ఉంది. అయినా నిరసన చూసి కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయాన్ని నిలిపివేసింది. ఇక్కడ అడ్డు చెప్పింది కోర్టు కాదు, ఎన్నికల్లో ఓటూ కాదు, తమ భూమి పోతుందన్న మనుషుల గొంతు. ఆ రెగ్యులేషన్ సడలితే లాభపడే గిరిజనేతరుల్లో మన తెలుగువారూ ఉన్నారన్న సంగతి ఈ పత్రిక పాఠకులకు రుచించకపోయినా రాయక తప్పదు. ఆ భూమి ఒకసారి చేతులు మారితే వచ్చే ఎన్నికల్లో ఎవరిని గెలిపించినా తిరిగి రాదు. ఒక నిర్ణయం మెజారిటీ చేతిలో ఉండవచ్చా లేదా అని నాకు సందేహం వచ్చినప్పుడల్లా నేను వేసుకొనే ప్రశ్న ఇదే: ఇవాళ ఓడినవాడు రేపు గెలిచి దీన్ని సరిదిద్దుకోగలడా? అసెంబ్లీ కుర్చీల విషయంలో సరిదిద్దుకోగలడు. డొంగరు మీది భూమి విషయంలో, పిల్లవాడి బడి విషయంలో అది సాధ్యం కాదు.

ప్రశ్న: ఆంధ్ర, ఒడిశా రెండూ మావేనంటున్న కొటియా ఊళ్లలో మా చుట్టాలకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటర్ కార్డులు ఉన్నాయి. ఊరంతా కూర్చొని ఏ రాష్ట్రంలో ఉండాలో తీర్మానం చేసి పంపితే సరిహద్దు మారుతుందా?
— ఒక పాఠకుడు, పొట్టంగి, కొరాపుట్ జిల్లా

జవాబు: మారదు. రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం 3వ అధికరణం కింద పార్లమెంటుకే ఉంది. రాష్ట్రపతి సంబంధిత అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు గానీ, ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కరలేదని 1959లోనే సుప్రీంకోర్టు బొంబాయి రాష్ట్రపు కేసులో చెప్పింది. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిప్పికొట్టినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. అసెంబ్లీలో ఎక్కువ మంది వద్దన్నారన్నది నిజం, తెలంగాణ జిల్లాల్లో ఎక్కువ మంది కావాలన్నారన్నదీ నిజం. ఎంత పెద్ద గీత గీసి అందులో లెక్కపెట్టాలన్న దాని మీదే ఎక్కువ మంది ఎవరన్నది ఆధారపడింది.

జనాన్ని నేరుగా అడిగిన సందర్భాలు మన దేశంలో వేళ్ల మీద లెక్కించదగినవి. 1967 జనవరి 16న, మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగా ఉండాలా అని గోవా ప్రజలను అడిగారు. కలవబోమన్నవారు 34,021 ఓట్ల తేడాతో నెగ్గారు. దానికి కూడా ముందుగా పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. కొటియాకు అలాంటి చట్టం ఎవరూ చేయలేదు. అక్కడి 21 గ్రామాల వివాదం 1968లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ మావేనంటున్న 14 గ్రామాలదీ దాదాపు ఇదే కథ. రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలు ఇస్తుంటే, రెండింటినీ పుచ్చుకోవడం తప్ప ఆ పేదలు చేయగలిగిందేముంది? ఓటు విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పండి. ఒక మనిషి పేరు ఒక నియోజకవర్గంలోనే ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అంటుంది. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే చిక్కుల్లో పడేది మీ చుట్టాలే తప్ప కార్డులిచ్చిన అధికారులు కాదు.

తీర్మానం చేయవద్దని నేను అనను. ఏ రాష్ట్రంలో ఉంటామన్న వాక్యం ఒకటి రాసి, దాని కింద వానాకాలంలో కొండ దిగే దారి, పురుళ్లకు వెళ్లవలసిన ఆసుపత్రి దూరం, పిల్లల బడి భాష, పోడు భూముల పట్టాలు ఎవరిచ్చారన్న వివరం ఒక్కొక్కటిగా రాయించండి. రెండు రాష్ట్రాల కలెక్టర్లకూ ఒకే ప్రతిని, ఒకే తేదీతో పంపించి, అందినట్టు రసీదు తీసుకోమనండి.